స్విట్జర్లాండ్ కొండమేకలూ, మన వంటింటి గింజల డబ్బా



ఈ టర్మ్‌లో సెవెన్త్ క్లాస్ పిల్లలకు సోషల్, సైన్స్ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చాం. యూరప్‌లో ఒక చిన్న కొండల దేశాన్ని ఎంచుకుని, అక్కడి సొంత జంతువుల గురించి రాయాలి. ఎక్కువమంది స్విట్జర్లాండ్‌నే ఎంచుకున్నారు. మన సినిమా పాటల పుణ్యమా అని ఆ పచ్చిక కొండలు, మంచు శిఖరాలు మనకు చుట్టాల ఊరంత పరిచయం. కాకపోతే పాటలో హీరోహీరోయిన్ల వెనకాల కనిపించేది మెడలో గంట కట్టిన ఆవు. అది పెంపుడు జంతువు. ఆ కొండల్లో మొదటి నుంచీ బతికినవి ఏవి, అవి ఒకప్పుడు ఎందుకు మాయమయ్యాయి, మళ్లీ ఎలా వచ్చాయి అన్నది పాటల్లో ఉండదు. నెట్ సెంటర్‌లో తీసే ప్రింటవుట్‌లో కూడా జంతువు బొమ్మ, బరువు, ఆహారం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని సాయం చేసేది మీరే కాబట్టి, ఆ కథ మీకు కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు సైజు సంగతి. స్విట్జర్లాండ్ విస్తీర్ణం సుమారు 41 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అందులో సగానికి పైగా ఆల్ప్స్ పర్వతాలే. 19వ శతాబ్దంలో ఆ కొండల్లో జనం పేదవాళ్లు. అడవి నరికారు, దొరికిన జంతువునల్లా వేటాడారు. తుపాకులు మెరుగయ్యాక వేట ఇంకా సులువైంది. ఐబెక్స్ అనే అడవి మేక, లింక్స్ అనే పెద్ద అడవి పిల్లి, తోడేలు, గడ్డం రాబందు ఒక్కొక్కటిగా పోయాయి. దేశంలో చివరి ఎలుగుబంటిని 1904లో ఎంగడీన్ ప్రాంతంలో కాల్చేశారు. ఈ రోజు స్విట్జర్లాండ్ వెళ్లినవాళ్లకు కనిపించే అడవి జంతువుల్లో చాలావాటిని మనుషులు వెనక్కి తెచ్చారు, లేదా అవే పక్క దేశాల నుంచి నడిచొచ్చాయి.

దొంగతనంగా వచ్చిన మేకపిల్లలు

నిలువుగా ఉన్న డ్యామ్ గోడ మీద మేకలు పాకుతున్న ఫొటో మీ వాట్సాప్‌కు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. చాలామంది అది ఫొటోషాప్ అనుకుంటారు. అది నిజమే. ఇటలీలో స్విస్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న చింజీనో డ్యామ్ అది. గోడ రాళ్ల మీద పేరుకునే ఉప్పులాంటి ఖనిజాలను నాకడానికి అవి ఎక్కుతాయి. వాటి గిట్టల అంచు గట్టిగా, మధ్యభాగం మెత్తగా రబ్బరులా ఉంటుంది. అంచు రాతి పగులులో నిలుస్తుంది, మెత్తటి భాగం జారకుండా పట్టుకుంటుంది.

ఇవే ఐబెక్స్‌లు. మగదాని కొమ్ములు మీటరు దాకా పెరుగుతాయి. కొమ్ము మీద ఏటేటా పడే గీతలు లెక్కపెట్టి దాని వయసు చెప్పొచ్చు, చెట్టు కాండంలో వలయాలు లెక్కపెట్టినట్టు. ప్రమాదం వస్తే ఐబెక్స్ దూరంగా పరుగెత్తదు. దగ్గర్లో ఉన్న నిటారు బండ ఎక్కి నిలబడి కిందికి చూస్తుంది. తోడేలు అక్కడికి ఎక్కలేదు కాబట్టి వేల ఏళ్లు ఆ ఉపాయం పనిచేసింది. తుపాకీ ముందు మాత్రం అదే దాని ప్రాణం తీసింది. కదలకుండా నిలబడిన జంతువును కాల్చడానికి ఎంత నేర్పు కావాలి చెప్పండి!

దానికి తోడు ఐబెక్స్ ఒళ్లంతా మందే అని జనం నమ్మారు. కొమ్ము పొడి, రక్తం, కడుపులో దొరికే ఉండ, అన్నీ రోగాలకు వాడారు. వాటిలో ఏదీ రోగం తగ్గించినట్టు రుజువు లేదు. కానీ నమ్మకానికి రుజువుతో పనేముంది? 19వ శతాబ్దం మొదలయ్యేసరికి ఆల్ప్స్ మొత్తం మీద వంద దాకా ఐబెక్స్‌లు మిగిలాయి, అవి కూడా ఒకే ఒక్క చోట. ఇటలీలోని గ్రాన్ పరదీసో కొండల్లో. 1821లో అక్కడ వాటి వేటను నిషేధించారు. 1856లో రాజు రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఆ కొండలను తన సొంత వేట కోసం ప్రత్యేకించుకుని కాపలా పెట్టాడు. తాను వేటాడడానికే కాపాడాడు, అయినా ఆ కాపలా వల్లే జాతి బతికింది. 1922లో అదే చోటు ఇటలీ మొదటి నేషనల్ పార్కుల్లో ఒకటైంది.

స్విట్జర్లాండ్‌లో మాత్రం ఒక్కటీ మిగల్లేదు. గ్రౌబుండెన్ అనే స్విస్ రాష్ట్రం జెండా మీద ఐబెక్స్ బొమ్మ ఉంది, కొండ మీద ఐబెక్స్ లేదు. కొన్నింటిని ఇమ్మని స్విట్జర్లాండ్ అడిగితే ఇటలీ రాజు ఇవ్వనన్నాడు. అప్పుడు సాంక్ట్ గాలెన్ నగరంలో కొందరు ఏం చేశారంటే, దొంగ వేటగాళ్లతో మాట్లాడుకుని రాజుగారి కొండల నుంచి మేకపిల్లలను సరిహద్దు దాటించారు. 1906లో మొదటి పిల్లలు సాంక్ట్ గాలెన్‌లోని పీటర్ అండ్ పాల్ జంతు పార్కుకు చేరాయి. వాటిని పెంచి, వాటి సంతానంలో ఐదింటిని 1911లో గ్రావే హోర్నర్ కొండల్లో వదిలారు.

పిల్లలు ఈ భాగాన్ని చాలా ఇష్టపడతారు. క్లాసులో చెప్పగానే ‘టీచర్, మరి దొంగతనం తప్పు కదా’ అని ఒక గొంతు లేస్తుంది. నేను జవాబు చెప్పను. మీరూ చెప్పకండి, కాసేపు వాళ్లనే వాదించుకోనివ్వండి.

ఒక కొండ మీద మంద పెరిగాక అందులో కొన్నింటిని పట్టి ఇంకో కొండ మీద వదిలారు. అక్కడి నుంచి మరో కొండకు. ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో 17 వేలకు పైగా, ఆల్ప్స్ మొత్తంలో సుమారు 50 వేల ఐబెక్స్‌లు ఉన్నాయి. వందతో మొదలై 50 వేలు. చాలా వ్యాసాలు ఇక్కడ చప్పట్లు కొట్టి ముగిస్తాయి. సైన్స్ టీచర్‌గా నాకు అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

గింజల డబ్బా ప్రయోగం

ఒక పెద్ద డబ్బాలో కందులు, పెసలు, మినుములు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు, రాజ్మా కలపండి. కందులు, పెసలు ఎక్కువగా వేయండి. ఉలవలు, రాజ్మా కొద్దిగానే వేయండి. బాగా కుదిపి, కళ్లు మూసుకుని పది గింజలు తీయమని పిల్లలకు చెప్పండి. ఏయే రకాలు వచ్చాయో రాసుకోమనండి. సాధారణంగా రెండు మూడు రకాలు అసలు రావు.

ఇప్పుడు ఆ పది గింజలే పిల్లలు పెట్టాయనుకోండి. చేతిలో నాలుగు కందులుంటే ఎనిమిది, తర్వాత పదహారు. అలా వేరే డబ్బా నింపుకుంటూ పోండి. డబ్బా నిండుతుంది. గింజల సంఖ్య మొదటి డబ్బాతో సమానమవుతుంది. కానీ పిడికిట్లోకి రాని ఉలవ ఎన్ని తరాలైనా ఈ డబ్బాలోకి రాదు. రెండో డబ్బా నుంచి మళ్లీ పది గింజలు తీసి మూడో డబ్బా నింపితే ఇంకో రకం పోతుంది.

ఇక్కడ ఒక్కో గింజ రకం అంటే ఒక జన్యువుకు ఉండే ఒక్కో రూపం. ఒక రూపం ఒక రోగాన్ని తట్టుకునేలా చేస్తుంది, మరొకటి ఇంకో రోగాన్ని. ఐబెక్స్‌కు జరిగింది అచ్చం ఇదే. జాతి మొత్తంలోంచి మిగిలిన ఒక్క పిడికెడు గ్రాన్ పరదీసో. అందులోంచి చిన్న పిడికెడు సాంక్ట్ గాలెన్ పార్కు. అందులోంచి ఐదు ఒక కొండకు, అక్కడి నుంచి కొన్ని ఇంకో కొండకు. శాస్త్రవేత్తలు వాటి జన్యువులను పరీక్షిస్తే, అడవి క్షీరదాల్లో అతి తక్కువ వైవిధ్యం ఉన్నవాటిలో ఐబెక్స్ ఒకటని తేలింది. దగ్గరి చుట్టాల మధ్యే జతలు ఎక్కువగా కట్టిన మందలు మెల్లగా పెరుగుతున్నాయని కూడా గమనించారు. సంఖ్య వెనక్కి వచ్చింది, పోయిన రకాలు రాలేదు. పైగా ఐబెక్స్ విషయంలో ఇంకో డబ్బా లేదు. భూమి మీద ఉన్న ఆల్ప్స్ ఐబెక్స్‌లన్నీ ఆ ఒక్క పిడికిలి సంతానమే.

ఇంకో డబ్బా ఉంటే ఏం చేయొచ్చో స్లోవేనియా చూపించింది. స్విట్జర్లాండ్‌లో సగం ఉండే ఈ దేశంలో కూడా ఆల్ప్స్ కొండలున్నాయి, సగానికి పైగా అడవి ఉంది, గోధుమ రంగు ఎలుగుబంట్లు సుమారు వెయ్యి దాకా ఉన్నాయి. అక్కడ లింక్స్ పూర్తిగా పోతే, 1973లో స్లొవేకియా నుంచి ఆరింటిని తెచ్చి కోచెవ్యే అడవుల్లో వదిలారు. మొదట్లో బాగా పెరిగాయి, పక్కనున్న క్రొయేషియాకూ పాకాయి. కొన్ని దశాబ్దాల తర్వాత తగ్గడం మొదలైంది. తెచ్చిన ఆరింటిలోనూ కొన్ని ఒకదానికొకటి చుట్టాలే కాబట్టి, అన్నీ ఒకే కుటుంబమైపోయాయి. 2019 నుంచి రొమేనియా, స్లొవేకియా అడవుల లింక్స్‌లను తెచ్చి వాటిలో కలిపారు. కొత్త డబ్బా నుంచి ఇంకో పిడికెడు అన్నమాట. కొత్తగా వచ్చినవి అక్కడి వాటితో జత కట్టి పిల్లల్ని కన్నాయి. ఈ ఒక్క ఉదాహరణ ప్రాజెక్టులో రాసినా మార్కులు వేయడానికి నేను సిద్ధం.

పిల్లలను ఎత్తుకుపోతుందన్న పక్షి

మనం ఎవరినైనా తిట్టాలంటే ‘రాబందులా పీక్కు తింటున్నాడు’ అంటాం. ఆల్ప్స్ జనం అంతకంటే ఘోరమైన నింద వేశారు. గడ్డం రాబందు గొర్రెపిల్లలను, ఏమరుపాటుగా ఉంటే పసిపిల్లలను కూడా ఎత్తుకుపోతుందని నమ్మారు. జర్మన్‌లో దాని పాత పేరుకు అర్థమే గొర్రెపిల్లల రాబందు. దాన్ని చంపినవాళ్లకు బహుమతి డబ్బు ఇచ్చారు. ఆల్ప్స్‌లో చివరిదాన్ని 1913లో ఇటలీలో కాల్చారు.

నిజానికి అది ఏం తింటుందో తెలుసా? ఎముకలు. దాని ఆహారంలో అత్యధిక భాగం చచ్చిన జంతువుల ఎముకలే. మిగతా రాబందులు మాంసం తినేసి వెళ్లాక ఇది వస్తుంది. చిన్న ఎముకలను అలాగే మింగుతుంది. పెద్దవైతే పట్టుకుని పైకెగిరి, బండల మీదకు వదిలి పగలగొడుతుంది. పగలకపోతే మళ్లీ ఎత్తుకెళ్లి మళ్లీ వదులుతుంది. దాని కడుపులో ఆమ్లం ఎముకను కరిగించేంత ఘాటు. పీహెచ్ 1 దగ్గర ఉంటుంది. పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ అంకె అర్థం వాళ్లనే అడగండి. రెక్కలు చాపితే రెండున్నర మీటర్లు దాటే ఈ పక్షి కాళ్లలో డేగకున్న పట్టు లేదు. బతికున్న గొర్రెపిల్లను ఎత్తుకుపోయే శక్తి లేని పక్షి ఆ నేరానికి శిక్ష అనుభవించింది.

దాని ఛాతీ నారింజ రంగులో మెరుస్తుంది. అది పుట్టుకతో వచ్చిన రంగు కాదు. ఇనుము ఉన్న ఎర్ర బురదలో పొర్లి తనే పూసుకుంటుంది. ఎందుకు పూసుకుంటుందన్న దాని మీద శాస్త్రవేత్తల వాదన ఇంకా తెగలేదు. అందం కోసమే అని మా పిల్లల తీర్పు!

1986లో ఆస్ట్రియాలో, 1991లో స్విస్ నేషనల్ పార్కులో, జూలలో పుట్టిన పిల్లలను కొండ చరియల్లో పెట్టడం మొదలెట్టారు. ఈ పార్కు 1914లో పెట్టింది, ఆల్ప్స్ మొత్తంలో మొదటిది. మూడు నెలల వయసు పిల్లను గుహలాంటి చోట ఉంచి, మనిషి కంటపడకుండా ఎముకలు అందిస్తారు. అది రెక్కలు సాధన చేసి తనంతట తనే ఎగిరిపోతుంది. ఇందులో ఒక చక్కటి కిటుకు ఉంది. తల్లి సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, కానీ బలమైన పిల్ల రెండోదాన్ని చంపేస్తుంది. జూలలో ఆ రెండోదాన్ని ముందే వేరు చేసి బతికించారు. ఎలాగూ చచ్చిపోయే పిల్లే కొత్త జాతికి పెట్టుబడి అయింది.

పని మాత్రం చాలా నెమ్మది. ఒక పిల్ల పెద్దదై గూడు కట్టడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. 1986లో మొదలుపెడితే ఆల్ప్స్ అడవిలో మొదటి పిల్ల పుట్టింది 1997లో, ఫ్రాన్స్‌లో. స్విట్జర్లాండ్‌లో 2007 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ఆల్ప్స్‌లో 300కు పైగా పక్షులున్నాయి. వాటికి ఇప్పటి ముప్పు బహుమతి డబ్బు కాదు, సీసం. వేటగాడు కాల్చిన జంతువు ఒంట్లో మిగిలిపోయిన తూటా ముక్కలను ఎముకతో పాటు మింగితే విషం ఎక్కుతుంది.

మన దగ్గర రాబందులను చంపింది కూడా విషమే, వేరే దారిలో. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల కిడ్నీలను పాడు చేసింది. 1990ల నుంచి కొద్ది ఏళ్లలోనే మన దేశంలో కొన్ని రాబందు జాతులు 95 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు 2013లో కనిపిస్తే అటవీ అధికారులు కాపలా పెట్టారు. గడ్డం రాబందు కూడా మన దేశంలో ఉంది, హిమాలయాల్లో. లడఖ్ ట్రిప్‌కు వెళ్లేవాళ్లు పైకి చూస్తూ ఉండండి.

తిరిగొచ్చినవాటికి ఎవరు ఖర్చు పెట్టాలి?

ఐబెక్స్ వస్తే ఎవరికీ పెద్దగా కష్టం లేదు. తోడేలు సంగతి వేరు. దాన్ని ఎవరూ తేలేదు. 1990ల మధ్యలో ఇటలీ వైపు నుంచి అదే నడిచొచ్చింది. 2012లో స్విట్జర్లాండ్‌లో మొదటి గుంపు పిల్లల్ని కన్నది. ఎండాకాలంలో గొర్రెలను ఎత్తైన పచ్చికలకు తోలుకుపోయే కాపరికి అది పీడకల. తోడేలు లేని నూరేళ్లలో కాపరులు రాత్రి కాపలా మానేశారు, మందలు వాటంతట అవే మేసేవి. ఇప్పుడు మళ్లీ కాపలా కుక్కలు, కరెంటు కంచెలు కావాలి. చచ్చిన గొర్రెకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. కానీ పేరు పెట్టి పెంచుకున్న గొర్రెను పొద్దున్నే చూసినవాడి బాధ రసీదుతో పోదు. మన పల్లెల్లో గొర్రెలు కాసేవాళ్లను అడిగినా అదే చెబుతారు.

తోడేళ్లను కాల్చడం సులువు చేసే చట్టం మీద 2020 సెప్టెంబరులో దేశమంతా ఓటు వేసింది. దాదాపు 52 శాతం మంది వద్దన్నారు. తర్వాత పార్లమెంటు మరో సవరణ చేసింది. 2023 డిసెంబరు నుంచి తోడేలు నష్టం చేయకముందే కొన్నింటిని చంపడానికి రాష్ట్రాలకు అనుమతి దొరుకుతోంది. నగరంలో ఉండి ఓటు వేసేవాళ్లు ఒకరు, కొండ మీద గొర్రెలు పోగొట్టుకునేవాళ్లు మరొకరు అన్నది అక్కడి గొడవ. నా మటుకు నేను తోడేలు ఉండాలనే అంటాను, కానీ నాకు గొర్రెలు లేవన్న సంగతి కూడా గుర్తుంది.

ప్రాజెక్టు గురించి రెండు ముక్కలు. చార్ట్ మీద జంతువుల బొమ్మలు వరసగా అంటించి తెస్తే సరిపోదు. ఒక జంతువును తీసుకుని, అది ఎప్పుడు పోయింది, ఎవరు తెచ్చారు, ఎన్నింటితో మొదలైంది, ఇప్పుడు దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నవి రాయించండి. తోడేలును ఎంచుకున్నవాళ్లు ఒక పేజీ గొర్రెల కాపరి మాటల్లో రాయాలి, ఇంకో పేజీ తోడేలు ఉండాలని ఓటు వేసినవాళ్ల మాటల్లో. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా సరే. గింజల ప్రయోగం చేసినవాళ్లు మూడు డబ్బాల లెక్క టేబుల్‌గా వేసి తేవాలి. గింజలు స్కూలుకు పంపనక్కర్లేదు, మిగిలినవి ఆ రాత్రి నానబెట్టుకోండి.